కచేరీ హాలు పెరట్లో మొదలైన బడి: లైప్‌జిగ్ కన్జర్వేటరీ కథ

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది మాస్టర్స్ చదవడానికి జర్మనీ వచ్చినవాళ్ళు, మిగతా సగం చదువయ్యాక ఉద్యోగాల్లో స్థిరపడి పిల్లల్ని పియానో క్లాసులకీ వయొలిన్ క్లాసులకీ తిప్పుతున్నవాళ్ళు. నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు "జర్మన్ సంగీతం గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. అంత పెద్ద విషయం గంటలో చెప్పడం నా వల్ల కాదు కాబట్టి ఒకే ఒక్క బడి గురించి చెబుతాను, లైప్‌జిగ్‌లో గ్రాసీ వీధి 8వ నంబరులో ఉన్న సంగీత నాటక విశ్వవిద్యాలయం. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని కన్జర్వేటరీ అనే పిలుస్తారు, నేనూ అలాగే అంటాను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. ఈ బడిలో చదివి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది తర్వాత దాన్ని తిట్టినవాళ్ళే. అయినా నూటఎనభై ఏళ్ళుగా నార్వే నుంచీ జపాన్ నుంచీ పిల్లలు అక్కడికి వెళ్తూనే ఉన్నారు. ఎందుకు? నాకు తోచిన జవాబు ఏమిటంటే, అక్కడ క్లాసురూములో చెప్పినదాని కంటే ఊరు నేర్పింది ఎక్కువ. ఆ ఊరు ఎలాంటిదో తెలియకపోతే బడి కథ అర్థం కాదు.

లైప్‌జిగ్ రాజధాని కాదు. సాక్సనీ రాజు ఉండేది డ్రెస్డెన్‌లో. ఆస్థానం, ఆస్థాన ఆపెరా, ఆ దర్జా అంతా అక్కడిది. లైప్‌జిగ్ వ్యాపారుల ఊరు, పెద్ద పెద్ద సంతలు జరిగే ఊరు, పుస్తకాలు అచ్చేసే ఊరు. అక్కడ సంగీతానికి డబ్బు పెట్టింది షావుకార్లు, లాయర్లు, డాక్టర్లు. బట్టల వర్తకుల భవనం పై అంతస్తులో ఒక హాలు కట్టుకుని, అందులో సొంత ఆర్కెస్ట్రాతో, టికెట్లు పెట్టి కచేరీలు నడుపుకున్నారు. అదే గేవాండ్‌హౌస్. ఆ హాల్లో సెనెకా వాక్యం ఒకటి లాటిన్‌లో రాసి ఉండేది, నిజమైన ఆనందం అంటే ఆషామాషీ వ్యవహారం కాదని దాని భావం. వినోదం కోసం టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళకి ఎదురుగా ఇది రాసిపెట్టడం చూస్తే, ఆ ఊరివాళ్ళ పద్ధతి ఏమిటో తెలుస్తుంది!

1835లో ఆ ఆర్కెస్ట్రాకి కండక్టరుగా స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్ వచ్చాడు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. అంతకు ఆరేళ్ళ ముందే బెర్లిన్‌లో బాఖ్ అనే పాతకాలపు స్వరకర్త రాసిన సెయింట్ మాథ్యూ పాషన్ అనే చర్చి గానాన్ని మళ్ళీ వినిపించి పెద్ద కదలిక తెచ్చిన మనిషి. బాఖ్ చివరి 27 ఏళ్ళూ పనిచేసిన ఊరు లైప్‌జిగ్ కాబట్టి, ఒక రకంగా ఆయన తన గురువుగారి ఊరికే వచ్చినట్టు.

1839లో ఆ ఊళ్ళో హైన్రిఖ్ బ్లూమ్‌నర్ అనే న్యాయాధికారి చనిపోతూ 20,000 థాలర్లు (అప్పటి వెండి నాణేలు) రాజుగారి పేర రాశాడు. కళకో శాస్త్రానికో పనికొచ్చే సంస్థ ఏదైనా పెట్టండని వీలునామా. మెండెల్‌సన్ ఆ సంగతి వినగానే 1840లో అధికారులకి ఉత్తరం రాశాడు, ఆ డబ్బుతో లైప్‌జిగ్‌లో సంగీత పాఠశాల పెట్టాలని. ఈలోగా ప్రష్యా రాజు ఆయన్ని బెర్లిన్ రమ్మన్నాడు, అక్కడ పెద్ద అకాడమీ పెడదామన్నాడు. వెళ్ళాడు, తిరిగాడు, కమిటీలూ కాగితాలే తప్ప పని ముందుకి సాగలేదు. రాజుగారు పిలిచిన చోట కాలేదు, లాయరుగారు వదిలివెళ్ళిన డబ్బుతో వర్తకుల ఊళ్ళో అయింది. 1843 ఏప్రిల్ మొదట్లో గేవాండ్‌హౌస్ పెరట్లో ఉన్న ఒక మామూలు కట్టడంలో క్లాసులు మొదలయ్యాయి. అదే నెల 23న, మెండెల్‌సన్ కచేరీలు చేసి కూడబెట్టిన డబ్బుతో చేయించిన బాఖ్ స్మారక స్తంభాన్ని కూడా ఆవిష్కరించారు. ఒకే నెలలో రెండు పనులు!

యూరప్‌లో ఇలాంటి బడి ఇదే మొదటిదని ఎవరైనా అంటే నమ్మకండి. పారిస్‌లో 1795 నుంచే ఉంది, ప్రాగ్‌లో ఉంది, వియన్నాలో ఉంది. జర్మనీ వరకు చూసుకున్నా వుర్ట్స్‌బర్గ్‌వాళ్ళు మాదే పాతది అని వాదిస్తారు, వాళ్ళ వాదనలోనూ బలం ఉంది. లైప్‌జిగ్ ప్రత్యేకత వయసులో లేదు. పాఠం చెప్పేవాళ్ళు ఎవరో చూడండి. వయొలిన్‌కి ఫెర్డినాండ్ డేవిడ్, ఆయన గేవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్. హార్మొనీకీ (స్వరాలు కలిపి పలికించే పద్ధతి) కౌంటర్‌పాయింట్‌కీ (బాణీలు ఒకదానితో ఒకటి అల్లే పద్ధతి) మోరిట్జ్ హాప్ట్‌మన్, ఆయన సెయింట్ థామస్ చర్చిలో కాంటర్, సంగీతం నడిపించే పెద్ద, అంటే ఒకప్పుడు బాఖ్ కూర్చున్న కుర్చీలో కూర్చున్నవాడు. కంపోజిషన్‌కి, అంటే సంగీతం రాయడానికి, మెండెల్‌సన్. పియానోకీ కంపోజిషన్‌కీ రాబర్ట్ షూమన్. పొద్దున పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం వేదిక మీద కనిపిస్తాడు, విద్యార్థులకి రిహార్సల్స్‌లోకి ప్రవేశం ఉంది. మీ క్లాసు పెరట్లో, దేశంలోకెల్లా మంచి ఆర్కెస్ట్రా పక్క మేడమీద. అంతకంటే ఏం కావాలి?

షూమన్ గురించి ఒక మాట. అంత గొప్ప స్వరకర్త, క్లాసులో మాత్రం నోరు విప్పేవాడు కాదట. పిల్లవాడు వాయించడం, ఆయన వినడం, అంతే. 1844 చివర్లో డ్రెస్డెన్ వెళ్ళిపోయాడు. గొప్ప కళాకారుడు గొప్ప టీచరు అవుతాడనే భ్రమ మన దగ్గరా బాగానే ఉంది కాబట్టి చెబుతున్నాను, పిల్లలకి గురువుని వెతికేటప్పుడు కచేరీల లిస్టు చూసి మోసపోకండి.

మెండెల్‌సన్ అలా కాదు, పాఠం శ్రద్ధగా చెప్పేవాడు, కోపమూ ఎక్కువే. 1846లో లండన్ నుంచి తన పాత స్నేహితుడు ఇగ్నాజ్ మోషెలెస్‌ని పిలిపించాడు. మోషెలెస్ ఒకప్పుడు బెర్లిన్‌లో పిల్లవాడైన మెండెల్‌సన్‌కి పియానో పాఠాలు చెప్పిన మనిషి, లండన్‌లో బోలెడు పేరూ ఆదాయమూ ఉన్నవాడు, అన్నీ వదులుకుని 52 ఏళ్ళ వయసులో ఈ బడికి వచ్చాడు. వచ్చిన ఏడాదికే, 1847 నవంబర్ 4న, మెండెల్‌సన్ చనిపోయాడు. 38 ఏళ్ళు. బడి వయసు నాలుగున్నరేళ్ళు.

ఇక్కడి నుంచి కథ మారుతుంది. స్థాపకుడు పోయాక ఏ సంస్థలోనైనా ఏం జరుగుతుంది? ఆయన చేసినట్టే చేయాలి అంటారు. ఆయన ఇష్టపడిన సంగీతమే సంగీతం, ఆయన ఒప్పుకున్న పద్ధతే పద్ధతి. షూమన్, మెండెల్‌సన్, బాఖ్, అక్కడితో ఆగు. ఫ్రాంజ్ లిస్ట్, వాగ్నర్ లాంటి కొత్త స్వరకర్తల గాలి సోకకూడదు. దీనికి కొంతవరకు నేను ఆ మాస్టార్లని తప్పు పట్టను, ఎందుకంటే వాగ్నర్‌తో గొడవ సంగీతం ఒక్కదాని గురించే కాదు. 1850లో ఒక లైప్‌జిగ్ సంగీత పత్రికలో వాగ్నర్ మారుపేరుతో యూదు సంగీతకారుల మీద విషం కక్కుతూ వ్యాసం రాశాడు, అందులో మెండెల్‌సన్ మీద కూడా. మెండెల్‌సన్ యూదు కుటుంబంలో పుట్టి చిన్నప్పుడే క్రైస్తవంలోకి వచ్చినవాడు. తమాషా ఏమిటంటే ఆ పత్రిక సంపాదకుడు ఫ్రాంజ్ బ్రెండెల్ ఇదే కన్జర్వేటరీలో సంగీత చరిత్ర చెప్పే మాస్టారు! మోషెలెస్, డేవిడ్, హాప్ట్‌మన్‌తో సహా పదకొండుమంది ఉపాధ్యాయులు బ్రెండెల్‌ని ఇక్కడి నుంచి పంపించేయండని సంతకాలు పెట్టి ఉత్తరం ఇచ్చారు. ఆయన్ని పంపలేదు, చనిపోయేదాకా అక్కడే పాఠం చెప్పాడు. స్టాఫ్‌రూములో ఆ మనుషులు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో ఊహించుకోండి.

సరే, విద్యార్థుల సంగతికి వద్దాం.

1858లో నార్వేలోని బెర్గెన్ నుంచి 15 ఏళ్ళ ఎడ్వర్డ్ గ్రీగ్ వచ్చాడు, తర్వాత పెద్ద స్వరకర్త అయినవాడు. ఒలే బుల్ అనే ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు వాళ్ళ ఇంటికి వచ్చి, పిల్లవాడు వాయించింది విని, వీణ్ణి లైప్‌జిగ్ పంపండి అన్నాడు, పంపారు. అంత చిన్న వయసులో, భాష రాని ఊళ్ళో, ఇంటి మీద బెంగతో మొదట్లో బాగా ఏడ్చాడట. ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఆ మొదటి చలికాలం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పియానోకి లూయిస్ ప్లైడీ అనే మాస్టారి దగ్గర వేశారు. పొట్టిగా, లావుగా, బట్టతలతో ఉండే ఆ మాస్టారికి తెలిసిందల్లా చెర్నీ, కూలౌ, క్లెమెంటి రాసిన సాధన పాఠాలు. వేళ్ళు ఎత్తు, నెమ్మదిగా, గట్టిగా, మళ్ళీ ఎత్తు. గ్రీగ్‌కి ఒళ్ళుమండేది. ఒకరోజు క్లెమెంటి సొనాటాతో కుస్తీ పడుతుంటే ప్లైడీ స్టాండు మీద పుస్తకం తీసి గది చివరికి విసిరికొట్టి, ఇంటికెళ్ళి సాధన చెయ్ పో అన్నాడు. పిల్లవాడు ఊరుకోలేదు, నేరుగా డైరెక్టర్ ష్లైనిట్జ్ దగ్గరకి వెళ్ళి ఈ మాస్టారు నాకొద్దు, మార్చండి అన్నాడు. మార్చారు! అప్పుడు దొరికినవాడు వెన్జెల్, షూమన్‌కి స్నేహితుడు, గ్రీగ్‌కి షూమన్ పిచ్చి ఎక్కించింది ఆయనే.

కంపోజిషన్ చెప్పే కార్ల్ రైనెకె దగ్గర ఇంకో రకం కష్టం. ఆయన స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తీగ వాద్యాల రచన, రాసుకు రమ్మన్నాడు. ఆ రూపం ఎలా ఉంటుందో ఎవరూ నేర్పలేదు. పిల్లవాడు మోట్జార్ట్‌వీ బేథోవెన్‌వీ ముందేసుకుని ఎలాగో రాసుకొచ్చాడు. సరే, ఇప్పుడు ఆర్కెస్ట్రాకి ఓవర్చర్, అంటే ఆరంభ సంగీతం, రాయి అన్నాడు. ఏ వాద్యం ఏ స్వరం దాకా వెళ్తుందో కూడా తెలియదు, దానికి క్లాసే లేదు. పెద్దయ్యాక ఇవన్నీ గ్రీగ్ తనే రాసుకున్నాడు, ఎంత తెలివితక్కువగా వెళ్ళానో అంత తెలివితక్కువగానే బయటికొచ్చాను అన్న ధోరణిలో మాట్లాడాడు కూడా. నేను దాన్ని పూర్తిగా నమ్మను. హాప్ట్‌మన్ పెద్దాయన గ్రీగ్ రాసిన ఫ్యూగ్ (కౌంటర్‌పాయింట్ రచన) చూసి ఎంతో మెచ్చుకున్నాడని అదే మనిషి మురిసిపోతూ రాశాడు. పైగా మాస్టార్లు ఏం చెప్పినా చెప్పకపోయినా, గేవాండ్‌హౌస్‌లో క్లారా షూమన్ తన భర్త రాసిన పియానో కాంచెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) వాయిస్తుంటే విన్నాడు. కొన్నేళ్ళ తర్వాత గ్రీగ్ తన పియానో కాంచెర్టో రాశాడు, షూమన్‌ది ఉన్న ఏ మైనర్ స్వరస్థాయిలోనే. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి, ఆ సాయంత్రం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. సిలబస్‌లో లేని పాఠం అది.

గ్రీగ్ ఉన్న రోజుల్లోనే లండన్ నుంచి మెండెల్‌సన్ పేర పెట్టిన స్కాలర్‌షిప్ మీద ఆర్థర్ సల్లివాన్ వచ్చాడు. అతనికి అంతా నచ్చింది, అన్నీ నేర్చుకున్నాడు, వెళ్ళిపోయి తర్వాత ఇంగ్లండ్‌లో హాస్య ఆపెరాలతో ఊపేశాడు. అదే బడి, అవే రోజులు, ఇద్దరికీ రెండు అనుభవాలు.

తర్వాత వరసపెట్టి అసంతృప్తులే. 1877లో తర్వాత ఇంగ్లిష్ స్వరకర్తగా పేరొందిన ఎథెల్ స్మైత్, సైనికాధికారి అయిన తండ్రితో ఇంట్లో యుద్ధం చేసి మరీ వచ్చిన అమ్మాయి, ఏడాదిలో విసుగెత్తి మానేసి బయట హెర్ట్‌సోగెన్‌బెర్గ్ అనే స్వరకర్త దగ్గర నేర్చుకుంది. కానీ ఊరు వదల్లేదు చూడండి. బ్రామ్స్‌ని కలిసిందీ, గ్రీగ్‌నీ చైకోవ్‌స్కీనీ కలిసిందీ ఆ ఊళ్ళోనే. 1879లో చెక్ స్వరకర్త యానాచెక్ వచ్చి కొన్ని నెలలు ఉండి వియన్నా పోయాడు. 1886లో ఇంగ్లిష్ స్వరకర్త డీలియస్ వచ్చాడు, ఫ్లోరిడాలో నారింజ తోట వదిలేసి. చదువు వల్ల ఒరిగిందేమీ లేదన్నాడు, కానీ గ్రీగ్‌ని కలిసిందీ స్నేహం కుదిరిందీ లైప్‌జిగ్‌లోనే, డీలియస్ తండ్రిని ఒప్పించి కొడుకుని సంగీతంలో ఉండనిచ్చేలా చేసిందీ గ్రీగే.

అమ్మాయిల విషయం కూడా చెప్పాలి. మొదటి నుంచీ వాళ్ళని చేర్చుకున్నారు, ఆ కాలానికి అది తక్కువ కాదు. కాకపోతే హార్మొనీకి విడి క్లాసు, అబ్బాయిలకి మూడేళ్ళ పాఠం వీళ్ళకి రెండేళ్ళలో ముగింపు. పియానో వాయిస్తే చాలు, రాయడం ఎందుకులే అన్న లెక్క. స్మైత్ లాంటివాళ్ళు ఆ లెక్క ఒప్పుకోలేదు.

డబ్బు సంగతి మళ్ళీ ఒకసారి. పెరట్లో చోటు చాలక కొత్త భవనం కావాలనుకున్నారు. 1884లో చనిపోయిన యుస్టుస్ రాడియస్ అనే డాక్టరు ప్రొఫెసరు మూడు లక్షల మార్కులు ఇచ్చాడు. హ్యూగో లిఖ్ట్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఆ భవనాన్ని 1887 డిసెంబర్‌లో తెరిచారు, ఇప్పటికీ బడి అక్కడే ఉంది. అది ఉన్న వీధి పేరు గ్రాసీ. ఫ్రాంజ్ డొమినిక్ గ్రాసీ అనే ఇటలీ మూలాలున్న షావుకారు 1880లో తన ఆస్తి, ఇరవై లక్షల మార్కులకి పైమాటే, ఊరికి రాసిపోయాడు. ఊళ్ళో ఆయన డబ్బుతో లేచినవి చాలా ఉన్నాయి. లాయరు, డాక్టరు, షావుకారు. "రాజ" అన్న మాట 1876లో బడి పేరుకి ముందు చేరింది కానీ, ఖర్చు ఎవరు పెట్టుకున్నారో చూశారుగా.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గేవాండ్‌హౌస్ కండక్టర్ ఆర్థర్ నికిష్ ఐదేళ్ళు డైరెక్టరుగా ఉన్నాడు, ఆర్కెస్ట్రా నడిపించడం నేర్పే క్లాసు పెట్టాడు. 1907 నుంచి స్వరకర్త మాక్స్ రేగర్ కంపోజిషన్ చెప్పాడు; వేరే ఊళ్ళకి మకాం మార్చినా ఈ క్లాసు మాత్రం వదల్లేదు, జెనా నుంచి రైలెక్కి వచ్చేవాడు. 1916 మేలో అలా వచ్చినప్పుడే హోటల్ గదిలో గుండె ఆగి చనిపోయాడు, 43 ఏళ్ళకే. ఆయన స్నేహితుడు కార్ల్ స్ట్రౌబె ఆర్గన్ చెప్పేవాడు, చర్చి సంగీతానికి విడిగా విభాగం నిలబెట్టింది ఆయనే.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఇద్దరు గ్రీగూ స్మైతూ కాదు. ఒకడు జపాన్ కుర్రాడు తాకి రెంతారో. 1901లో ప్రభుత్వం పంపితే వచ్చాడు, కొద్ది నెలల్లోనే క్షయ పట్టుకుంది, వెనక్కి వెళ్ళి 1903లో 23 ఏళ్ళకే పోయాడు. ఆయన వెళ్ళేముందు కట్టిన బాణీలు జపాన్ పిల్లలు ఈనాటికీ బళ్ళో పాడతారు. రెండోవాడు చైనా నుంచి వచ్చిన షియావ్ యూమెయ్. కన్జర్వేటరీలోనూ విశ్వవిద్యాలయంలోనూ చదివాడు, చైనా వాద్యబృందాల చరిత్ర మీద 1916లో జర్మన్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు, 1927లో షాంఘై కన్జర్వేటరీ నిలబెట్టాడు. స్వరకర్తగా ఆయన పేరు యూరప్‌లో ఎవరికీ తెలియదు. కానీ ఇవాళ షాంఘై నుంచి వచ్చే పియానో, వయొలిన్ పిల్లల్ని చూడండి, ఆ వంశవృక్షంలో ఒక వేరు గ్రాసీ వీధిలో తేలుతుంది. తిట్టినవాళ్ళు పుస్తకాలు రాశారు కాబట్టి వాళ్ళ మాట మనకి వినిపిస్తోంది. నోట్సు రాసుకుని ఇంటికెళ్ళి బళ్ళు పెట్టినవాళ్ళు తిట్టలేదు, వాళ్ళకి తీరిక లేదు.

ఇక 1933లో నాజీలు గద్దెనెక్కిన తర్వాత. ఇది త్వరగా చెప్పేసి దాటలేం. మెండెల్‌సన్ పెట్టిన బడిలో మెండెల్‌సన్ సంగీతానికే చోటు లేకుండా పోయింది. గుంథర్ రఫాయెల్ అనే కంపోజిషన్ మాస్టారు, యూదు రక్తం ఉందని, 1934లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1936 నవంబర్‌లో, మేయర్ కార్ల్ గోర్డెలర్ ఊళ్ళో లేని సమయం చూసి, గేవాండ్‌హౌస్ ముందు 1892 నుంచి ఉన్న మెండెల్‌సన్ విగ్రహాన్ని రాత్రికి రాత్రి పీకేశారు. గోర్డెలర్ తిరిగొచ్చి అడిగాడు, ఫలితం లేక రాజీనామా చేశాడు. తర్వాత హిట్లర్ మీద కుట్రలో ఉన్నాడని 1945లో చంపేశారు. గ్రీగ్ సంగీతాన్ని ప్రపంచానికి అచ్చువేసి ఇచ్చిన పీటర్స్ సంస్థ యజమాని హెన్రీ హిన్‌రిఖ్‌సెన్, ఊళ్ళో ఆడపిల్లల కాలేజీకి డబ్బిచ్చిన దాత, 1942లో ఆష్‌విట్జ్‌లో చనిపోయాడు. ఇందాకటి నుంచి నేను పొగుడుతున్న ఆ ఊరు, దాతల ఊరు, తన దాతని అలా పంపించింది. రెండూ ఒకే ఊరు. ఇది మరిచిపోయి లైప్‌జిగ్ సంగీతం గురించి మురిసిపోవడం నాకు చేతకాదు.

యుద్ధంలో బడి మూతపడింది, బడి సొంత కచేరీ హాలు బాంబులకి పోయింది. 1946లో మళ్ళీ తెరిచినప్పుడు పెట్టిన పేరు మెండెల్‌సన్ అకాడమీ. ఆ ఏడాది చేరిన కుర్రాళ్ళలో కుర్ట్ మజుర్ ఒకడు, రెండేళ్ళు చదివి డిగ్రీ లేకుండానే థియేటర్ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. తర్వాత గేవాండ్‌హౌస్‌కి కండక్టర్ అయ్యాడు, 1989 అక్టోబర్ 9న దాదాపు 70,000 మంది తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఎదురుగా వీధుల్లోకి వచ్చిన సాయంత్రం, కాల్పులు జరుగుతాయేమోనని ఊరంతా టెన్షన్‌తో ఉంటే, రెండువైపులా శాంతంగా ఉండండని ఆరుగురి పేర వెలువడిన పిలుపు లౌడ్‌స్పీకర్లలో ఆయన గొంతుతోనే వినిపించింది. 1972లో బడికి అధికారికంగా మెండెల్‌సన్ పేరు పెట్టారు, 1992లో నాటక పాఠశాల వచ్చి కలిసింది. బాంబులకి పోయిన బడి హాలు స్థానంలో కొత్తది 2001లో వచ్చింది. పీకేసిన విగ్రహానికి నకలు 2008లో చేయించి సెయింట్ థామస్ చర్చి దగ్గర నిలబెట్టారు.

ఇప్పటి సంగతులు అడుగుతారని తెలుసు, చెప్పేస్తాను. వెయ్యిమందికి కాస్త పైగా విద్యార్థులు, అందులో కొరియా, చైనా, జపాన్ పిల్లలు చాలామంది. పాశ్చాత్య సంగీతం, జాజ్, పాత వాద్యాలు, చర్చి సంగీతం, నటన అన్నీ ఉన్నాయి. మార్కుల షీట్లు చూసి సీటివ్వరు, ఎదురుగా నిలబడి వాయించాలి, దాంతోపాటు చెవి పరీక్ష, థియరీ ఉంటాయి, జర్మన్ కూడా రావాలి. జర్మనీలో చదువు ఫ్రీ అనుకుని వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక: యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకి ఈ బడి సెమిస్టరుకి 1,800 యూరోలు ఫీజు పెట్టింది, 2013 నుంచి. అప్పట్లో దాని మీద నిరసనలు కూడా జరిగాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లల వల్ల పేరు తెచ్చుకున్న బడి, దూరం నుంచి వచ్చినవాళ్ళ దగ్గరే డబ్బు అడగడం నాకు నచ్చలేదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మీ పిల్లలు అక్కడ చేరినా చేరకపోయినా మీరు చేయగలిగింది ఒకటుంది. విద్యార్థుల కచేరీలు సెమిస్టరు పొడుగునా జరుగుతూనే ఉంటాయి, చాలావాటికి టికెట్టు లేదు. బడి వెబ్‌సైట్‌లో క్యాలెండర్ ఉంటుంది, చూసుకుని వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. మూడో ఏడాది అమ్మాయి చేతులు వణుకుతూ షూబర్ట్ వాయించడం చూస్తే, యూట్యూబ్‌లో వంద వీడియోలు చూసినా రానిది పిల్లలకి తెలుస్తుంది. శనివారం మధ్యాహ్నం అయితే ముందు సెయింట్ థామస్ చర్చిలో బాలుర కోయిర్ వినొచ్చు, పెద్ద ఖర్చు కాదు, అక్కడి నుంచి గ్రాసీ వీధికి నడిచి వెళ్ళిపోవచ్చు. సరే, ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వెనక వరసలో చెయ్యెత్తిన బాబు.